నవ్వులకు నువ్వుండలు



పసిపిల్లల ఇంట్లో మనం జరుపుకునే ముచ్చట్ల వరస మీ అందరికీ తెలిసిందే. నవ్వులకు నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాకుండలు, అడుగులేస్తే అరిసెలు, పలుకులకు చిలకలు. చిలకలంటే పంచదార చిలకలు లెండి. ఊరిని బట్టి, ఇంటిని బట్టి ఈ వరసలో ఒకటీ అరా మారుతూంటాయి. ప్రాస కుదిరింది కదా అని ఎవరో సరదాగా అల్లిన జాబితా ఇది అని నేనూ చాలాకాలం అనుకున్నాను. పసిపిల్లల మనసు గురించి శాస్త్రజ్ఞులు ఏమేం కనిపెట్టారో చదవడం మొదలుపెట్టాక, ఈ జాబితాలో మొదటి మాట దగ్గర ఆగిపోయాను.

బోర్లా పడటం, పాకటం, నడవటం, ఇవన్నీ బిడ్డ ఒంటరిగా చేసే పనులు. ఎదుట మనిషి ఉన్నా లేకపోయినా నడుం బలపడితే బిడ్డ బోర్లా పడుతుంది. నవ్వు అలాంటిది కాదు. ఎదుట ఒక ముఖం ఉండాలి. పుట్టిన కొత్తలో నిద్రలో పెదవులు విచ్చుకుంటే మా అమ్మమ్మ "దేవుడు పువ్వు చూపిస్తున్నాడే" అనేది. ఆ నవ్వుకు నువ్వులు వేయించేది కాదు. ఆరో వారమో ఏడో వారమో వచ్చి, బిడ్డ కళ్ళలోకి చూసి పలకరించినప్పుడు, బిడ్డ తిరిగి చూసి నవ్వితే, అప్పుడు రోలు కడిగించేది. ఈ రెండు నవ్వులూ వేరని మా అమ్మమ్మకి ఎవరూ పాఠం చెప్పలేదు. ఇప్పటి పుస్తకాలు రెండోదాన్ని సాంఘికమైన నవ్వు అంటున్నాయి. చూపులేని పిల్లలు కూడా ఇంచుమించు ఆ వయసులోనే తల్లి గొంతు వినపడితే నవ్వుతారు.

ఇంకో సంగతి. ఆ నువ్వుండలు తినేది బిడ్డ కాదు. దానికి ఇంకా పళ్ళే లేవాయె! వీధిలో అందరికీ పంచుతాం. ఒక బిడ్డ నవ్వడం ఆ ఇంటి సంగతే కాదు, నలుగురి సంగతి అన్నమాట.

మాది ముదినేపల్లి. గుడివాడ నుంచి కైకలూరు వెళ్ళే దారిలో ఉంటుంది. ఆ రోజుల్లో కృష్ణా జిల్లా. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఏలూరు జిల్లాలో కలిపారు. ఇప్పుడు ఎటు చూసినా చేపల చెరువులు. మా చిన్నప్పుడు వరి చేలు, పంట కాలువలు, ఇంటి నిండా మనుషులు. చంటిపిల్ల ఏ పూట ఎవరి సంకన ఉందో తల్లికే తెలిసేది కాదు. ఈవేళ చెప్పబోయే కథ ఆ సంకలకీ, ప్రయోగశాలలకీ మధ్య నడిచిన కథ.

ముందు ఇంగ్లండు వెళ్దాం. చార్లెస్ డార్విన్ అనగానే కోతినుంచి మనిషి అన్నవాడు అని తలుచుకుంటాం. ఆయన పదిమంది పిల్లల తండ్రి. 1839 డిసెంబరు 27న మొదటి కొడుకు పుట్టగానే ఒక నోటు పుస్తకం పెట్టి, వాడు తుమ్మినా, ఆవులించినా, కోపగించుకున్నా రాసుకోవడం మొదలుపెట్టాడు. ఆ రాతల్ని ముప్పై ఏడేళ్ళు అలాగే అట్టేపెట్టి, 1877లో ఒక పత్రికలో చిన్న వ్యాసంగా వేశాడు. పిల్లల మనసును కుదురుగా గమనించి రాసిన తొలినాటి రచనల్లో అది ఒకటి. అందులో ఆ బాబు నిజమైన నవ్వు 45వ రోజున నవ్వాడని ఉంది. సరిగ్గా మనం నువ్వులు వేయించే వేళకే! ఆరు నెలలు దాటిన కొద్దిరోజులకు, ఆయా ఉత్తుత్తిగా ఏడుపు నటిస్తే, వాడి మూతి కొసలు కిందికి వాలిపోయి ముఖం దీనంగా అయిపోయిందట. ఎదుటివారి దుఃఖం వాడి ముఖంలోకి వచ్చింది. అంత పసివాడికి దుఃఖమంటే ఏమిటో ఎలా తెలిసిందని డార్విన్ ఆశ్చర్యపోయాడు. మన ఇళ్ళలో "అమ్మ ఏడుస్తోందిరా" అని కళ్ళు మూసుకుని ఆడే ఆట ఆడనివారెవరు? చూసింది మనమూను, రాసుకున్నది ఆయనాను.

అలా గమనించడం అందరికీ పట్టుబడలేదు. ఆ తరవాత చాలాకాలం, పెద్ద పెద్ద వైద్యులు కూడా పసికందుకు ఏమీ తెలియదనే నమ్మారు. ఎంత నమ్మారంటే, 1980ల దాకా పాశ్చాత్య దేశాల్లో పెద్ద ఆసుపత్రుల్లో సైతం నెలలు నిండకుండా పుట్టిన పసిగుడ్లకు సరైన మత్తు ఇవ్వకుండానే శస్త్రచికిత్సలు చేసేవారు. వాళ్ళకు నొప్పి తెలియదనీ, తెలిసినా గుర్తుండదనీ, మత్తుమందే ఎక్కువ ప్రమాదమనీ అనుకునేవారు. మన దేశంలో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళిన కన్వల్‌జిత్ ఆనంద్ అనే డాక్టరుగారు, నొప్పి తగ్గించే మందు ఇచ్చిన పసికందుల్నీ ఇవ్వనివారినీ పోల్చి 1987లో ప్రచురించిన పరిశోధన తరవాత ఆ పద్ధతి మారుతూ వచ్చింది. ఈ సంగతి మొదటిసారి చదివిన రోజు నాకు అన్నం సహించలేదు.

ఇక అమెరికాలో జాన్ వాట్సన్ అని ఒక మనస్తత్వ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. 1920లో ఆయన ఒక పసివాడికి తెల్ల ఎలుకను చూపించి, వాడు ముట్టుకోబోయినప్పుడల్లా వెనకనుంచి ఇనపకడ్డీ మీద సుత్తితో కొట్టి హడలగొట్టాడు. కొన్నిసార్లయ్యేసరికి, చప్పుడు లేకపోయినా ఎలుకను చూస్తేనే వాడు ఏడవటం మొదలుపెట్టాడు. భయం నేర్పవచ్చని రుజువైంది. నేర్పిన భయాన్ని పోగొట్టకుండానే వాణ్ణి పంపేశారు. ఆ పసివాడి తల్లి ఏమనుకుందో ఆ వ్యాసంలో లేదు. 1928లో ఇదే పెద్దమనిషి పిల్లల పెంపకం మీద తల్లులకొక పుస్తకం రాశాడు. పిల్లల్ని ముద్దుపెట్టుకోకండి, ఒళ్ళో కూర్చోబెట్టుకోకండి, పొద్దున్నే లేచాక చేయి కలిపి పలకరించండి చాలు అని అందులో సలహా. ఆ పుస్తకాన్ని సంతోషంగా ఉండే బిడ్డను పెంచబోయే మొట్టమొదటి తల్లికి అంకితమిచ్చాడు. అంటే అప్పటిదాకా లోకంలో ఏ తల్లీ పెంచలేదనే కదా ఆయనగారి ఉద్దేశం!

నవ్వుకుంటున్నారు కానీ, ఆ గాలి మన పట్నాలకీ తగిలింది. గంటకొట్టినట్టు నాలుగేసి గంటలకు పాలు, మధ్యలో ఏడ్చినా ఎత్తుకోవద్దు అనే మాట నాకూ ఒక డాక్టరుగారు చెప్పారు. ఇంట్లోవాళ్ళు దానికి "చేతులు మరుగుతుంది" అని వంత పాడారు. ఈ చేతులు మరగడం అనే మాట మన సొంతమే, వాట్సన్‌ని అనడానికి లేదు. పని తెమలని ఇంట్లో పుట్టిన మాట అది. కాకపోతే మన ఇళ్ళలో ఆ మాట అంటూనే ఎవరో ఒకరు బిడ్డను ఎత్తేసుకునేవారు.

మరి ఎవరూ ఎత్తుకోకపోతే ఏమవుతుంది? దీనికి జవాబు 1945లో వచ్చింది. రెనే స్పిట్జ్ అనే వైద్యుడు రెండు చోట్ల పసిపిల్లల్ని పోల్చి చూశాడు. ఒకటి అనాథ శిశువుల ఆశ్రమం. శుభ్రంగా ఉంది, పాలకు లోటు లేదు, వైద్యం ఉంది. కాని ఒక్కో ఆయాకు ఏడెనిమిదిమంది పిల్లలు. అంటురోగాలు తగలకుండా ఉయ్యాలల పక్కన దుప్పట్లు వేలాడదీస్తే, పిల్లలకు పైకప్పు తప్ప మరేమీ కనపడేది కాదు. రెండోది ఆడవాళ్ళ జైలు. అక్కడ శిక్ష అనుభవిస్తున్న తల్లులే తమ బిడ్డల్ని చూసుకునేవారు. జైల్లో పిల్లలు కేరింతలు కొడుతూ మామూలుగా పెరిగారు. ఆశ్రమంలో పిల్లలు ముందు ఏడ్చారు, తరవాత ఏడుపు మానేశారు, తరవాత చూపే మానేశారు. ఆశ్రమంలోని 91 మందిలో మూడోవంతుకు పైగా రెండేళ్ళలోపే చనిపోయారు. స్పిట్జ్ లెక్కలు కట్టిన తీరులో లోపాలున్నాయని తరవాతివారు తప్పులు పట్టారు, అందులో నిజముంది. కాని ఆయన తీసిన మూగ చలనచిత్రంలో ఆ పిల్లల ముఖాలు చూసినవారు మళ్ళీ పాత మాట మాట్లాడలేకపోయారు.

ఆ ఏడుపు మానేయడం దగ్గర కాసేపు ఆగుతాను. లండనులో జాన్ బౌల్బీ, జేమ్స్ రాబర్ట్‌సన్ అని ఇద్దరు ఇదే విషయం పట్టుకున్నారు. ఆ రోజుల్లో అక్కడి ఆసుపత్రుల్లో పిల్లల్ని చేర్చుకుంటే తల్లిని ఉండనిచ్చేవారు కాదు. వారానికొకసారో ఎప్పుడో చూడనిచ్చేవారు. తల్లి వచ్చివెళితే పిల్ల ఏడుస్తుంది, రాకపోతే కుదురుగా ఉంటుంది, కాబట్టి రాకపోవడమే మంచిది అని నర్సుల వాదన. రెండున్నరేళ్ళు కూడా నిండని ఒక పిల్ల ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంటే, రాబర్ట్‌సన్ కెమెరా పట్టుకుని తీసి 1952లో చూపించాడు. తల్లి దూరమైన పిల్లలు మొదట పోరుపెడతారు, తరవాత కుంగిపోతారు, ఆ తరవాత ఎవరూ పట్టనట్టు అయిపోతారు, మనం కుదురు అనుకునేది ఆ మూడో దశనే అని వాళ్ళు చెప్పారు. చాలామంది వైద్యులకు కోపం వచ్చింది. 1959కి గాని తల్లుల్ని రానివ్వాలని అక్కడి ప్రభుత్వ సంఘం సిఫార్సు చేయలేదు. మన ధర్మాసుపత్రుల్లో తల్లి బిడ్డ పక్కనే, అదే మంచం మీద, కాదంటే మంచం కింద పడుకుంటుంది. సదుపాయం లేక అలా జరిగిందనుకోండి, ఆ ఒక్కటీ మాత్రం మనం ముందునుంచీ సరిగ్గానే చేశాం.

ఈ మూడు దశల సంగతి చదవకముందే నేనొక పిల్లను చూశాను. 1977 నవంబరు 19 మీలో పెద్దవాళ్ళెవరూ మరిచిపోయి ఉండరు. దివిసీమ ఉప్పెన. రెండు తాటిచెట్ల ఎత్తున సముద్రం వచ్చిందని జనం చెప్పుకున్నారు. కొలిచినవారు ఐదారు మీటర్లన్నారు. అదే చాలు, ఊళ్ళకు ఊళ్ళు తుడిచిపెట్టుకుపోయాయి. పోయినవారు పదివేలకు పైమాటే. నాగాయలంక వైపు మా దూరపు బంధువులింట ఏడాదిన్నర పిల్ల ఒక్కతే మిగిలింది. దాన్ని తెచ్చి మా అమ్మమ్మ చేతిలో పెట్టారు. ఆ పిల్ల ఏడవదు. ఎవరు పిలిచినా వెళుతుంది, పెట్టింది తింటుంది, కింద దింపితే దింపినచోటే ఉంటుంది. చూడటానికి వచ్చిన అమ్మలక్కలందరూ "ఎంత మంచిపిల్లో, తల్లి బెంగ కూడా లేదు పాపం, చిన్నది కదా, మరిచిపోయింది" అన్నారు. అమ్మమ్మ ఒక్కతే "బెంగ లేకపోవడమేంటే, ఆ పిల్ల కళ్ళు చూడండి" అనేది. రాత్రీ పగలూ చంకనుంచి దింపలేదు. దొడ్లోకి వెళ్ళినా ఎత్తుకునే వెళ్ళేది. మూడు వారాలో ఎంతో గడిచాక, ఒకనాడు అమ్మమ్మ పిల్లను అరుగుమీద దింపి లోపలికి వెళితే, అది గుక్కపట్టి ఏడ్చింది. మేమంతా కంగారుపడి పరుగెత్తాం. అమ్మమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏడ్చింది. ఇక ఫర్వాలేదు" అని తానూ కూచుని ఏడ్చింది.

బౌల్బీ రాసినవన్నీ చదివాక కూడా నాకు ఆ ఒక్క మాటకు మించి అర్థమైంది తక్కువ. విడిచి వెళ్ళినందుకు ఏడవాలంటే, అంతకుముందు పట్టుకుని ఉండాలి కదా.

బౌల్బీ మీద ఒక ఫిర్యాదు కూడా చెప్పాలి. ఆయన 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు ఇచ్చిన నివేదిక చదివినవాళ్ళు, తల్లి ఒక్క క్షణం కదలకూడదన్నట్టు మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ రోజుల్లోనే మరికొందరు వైద్యులు ఇంకా ముందుకెళ్ళి, పిల్లవాడు ఎవరితోనూ కలవకపోతే తల్లి మనసు మంచుగడ్డ కావడమే కారణమన్నారు. ఆ నింద మోసి ఎందరు తల్లులు కుమిలిపోయారో! ఆటిజం పుట్టుకతో వచ్చేదని, తల్లి ప్రేమలో లోటు వల్ల రాదని ఇప్పుడు తేలిపోయింది. నింద వేసినవాళ్ళు మాత్రం ఇంటింటికీ వెళ్ళి క్షమాపణ చెప్పలేదు.

ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి మేరీ ఎయిన్స్‌వర్త్. ఆవిడ చదువుకున్న మనస్తత్వ శాస్త్రజ్ఞురాలు. భర్తకు ఆఫ్రికాలో కంపాలా నగరంలో ఉద్యోగం వస్తే, మనలాగే పెట్టె బేడా సర్దుకుని ఆయన వెంట వెళ్ళింది. వెళ్ళినచోట ఊరికే కూర్చోలేదు. 1954, 55లలో ఉగాండా పల్లెల్లో 26 కుటుంబాల ఇళ్ళకు రెండు వారాలకొకసారి వెళ్ళి, రెండేసి గంటలు కూర్చుని, తల్లులతో మాట్లాడుతూ పిల్లల్ని గమనించింది. ఏం చూసిందంటే, బిడ్డ తల్లి ఒడినుంచి దిగి పాకుతూ వెళుతుంది, ఏదో వస్తువు పట్టుకుంటుంది, వెనక్కి తిరిగి తల్లి ఉందా లేదా చూసుకుంటుంది, ఉంది కాబట్టి ఇంకొంచెం ముందుకు వెళుతుంది. తల్లి లేచి వెళ్ళిపోతే ఆట ఆగిపోతుంది. తల్లిని అంటిపెట్టుకోవడం పిరికితనం కాదని, దూరం వెళ్ళే ధైర్యం అక్కడినుంచే వస్తుందని ఆవిడ గ్రహించింది. ఇంకొకటి కూడా చూసింది. బిడ్డ గురించి చిన్న చిన్న సంగతులు గంటలకొద్దీ చెప్పగలిగే తల్లుల పిల్లలు ఎక్కువ నిబ్బరంగా ఉన్నారట. మనల్ని "పిల్లల కబుర్లు తప్ప వేరే లేదా" అని దెప్పేవారికి ఈ మాట చెప్పండి. పిల్లలు తల్లితో పాటు నాన్నకో, నాయనమ్మకో, అక్కకో కూడా అంతే గట్టిగా అతుక్కుంటారనీ ఆవిడ ఆ పల్లెల్లో చూసి రాసింది. ఆ పుస్తకం 1967లో వచ్చింది. తరవాత అమెరికాలోని బాల్టిమోరులో చేసిన పరిశోధనతోనే ఆవిడకు పేరొచ్చింది గాని, విత్తనం పడింది ఆ పల్లెటూళ్ళలో.

ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైన ప్రయోగం చెబుతాను. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే ఆయన 1975లో ఒక సభలో వివరించి, 1978లో ప్రచురించినది. తల్లీ బిడ్డా ఎదురెదురుగా కూర్చుని కాసేపు మామూలుగా ఆడుకుంటారు. తరవాత తల్లి, చెప్పిన ప్రకారం, రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ భావమూ లేకుండా బిడ్డవైపు అలా చూస్తూ ఉండిపోవాలి. మాట్లాడకూడదు, నవ్వకూడదు. బిడ్డ ఇట్టే పసిగడుతుంది. ముందు నవ్వి చూస్తుంది. ఊఁ కొట్టి పిలుస్తుంది. చేతులు చాపుతుంది, కేక వేస్తుంది. ఎంతకీ పలకకపోతే ముఖం పక్కకు తిప్పేసుకుంటుంది, డీలా పడిపోతుంది. రెండు మూడు నెలల పిల్లలు కూడా! ఏమీ తెలియదనుకున్న పసికందుకు, పలకరిస్తే పలకాలని తెలుసు. పలక్కపోతే బాధపడటం తెలుసు. తల్లిని మళ్ళీ తనవైపు తిప్పుకోవడానికి ఏమేం చెయ్యాలో కూడా తెలుసు.

ఇది చదివినప్పుడు నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే, నేనలాంటి ముఖంతో కొన్ని నెలలు ఉన్నాను.

1979లో, నా మొదటి కాన్పు. పురిటికి ముదినేపల్లి వచ్చాను. పిల్ల బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నానన్నారు. కాని నాకేదీ పట్టలేదు. పాలిచ్చేదాన్ని, ముఖం చూసేదాన్ని కాదు. తెల్లవారుజామున మెలకువ వస్తే ఎందుకు తెల్లవారుతోందా అనిపించేది. దిష్టి అన్నారు, గాలి సోకిందన్నారు, అత్తవారిమీద అలక అన్నారు, బద్ధకమని కూడా అన్నారు. బాలింతకు అలాంటి జబ్బు వస్తుందని, దానికి మందు ఉంటుందని చెప్పినవారు లేరు. ఇప్పుడు ఏ ఆసుపత్రికి వెళ్ళి అడిగినా చెబుతారు. పురిటి తరవాత వారం పదిరోజులు మనసు కలత పడటం చాలామందికి ఉంటుంది, దానంతటదే పోతుంది. రెండు వారాలు దాటినా పోకపోతే, బిడ్డ మీదా బతుకు మీదా ఆశ లేకపోతే, అది జబ్బు. తల్లి తప్పు కాదు. మీ ఇంట్లో కోడలో కూతురో అలా ఉంటే దయచేసి డాక్టరుకు చూపించండి, దిష్టి తీయడం కూడా కావాలంటే తీయండి.

మా అమ్మమ్మ నన్నేమీ అనలేదు. పాలు తాగగానే పిల్లను తీసేసుకునేది. కాళ్ళు చాపి, కాళ్ళమీద పడుకోబెట్టుకుని, నలుగు పెట్టి నీళ్ళు పోస్తూ లోకంలో కబుర్లన్నీ చెప్పేది. పిల్ల ఊఁ అంటే "ఔనా? మరి అప్పుడేమైంది?" అనేది. అది ఇంకోటి అంటే "అమ్మో, అంతమాటే!" అనేది. ఒక మాట తనది, ఒక మాట పిల్లది. శాస్త్రజ్ఞులు ఇప్పుడు దీన్నే సంభాషణకు మొదటి మెట్టు అంటున్నారు. మా పిన్ని, మేనమామ పిల్లలు, పక్కింటి బామ్మగారు, అందరూ ఆ కాళ్ళ దగ్గర చేరి ముఖాలు పెట్టేవారు. నేను గదిలో గోడవైపు తిరిగి పడుకుని ఆ నవ్వులు వినేదాన్ని. నాకంటే నా పిల్లను వీళ్ళే బాగా చూస్తున్నారు, నేనెందుకు అనుకునేదాన్ని.

నాకు ఊరట ఇచ్చిన సంగతి ఒకటి చాలా ఏళ్ళ తరవాత ఆ ట్రానిక్ రాతల్లోనే దొరికింది. ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్న తల్లీబిడ్డల్ని గమనించినా, ఇద్దరి భావాలూ సరిగ్గా కలిసేది ఇంచుమించు మూడోవంతు సమయమేనట. తక్కినదంతా తప్పటడుగులే. బిడ్డ ఒకటి కోరితే తల్లి ఇంకోటి అనుకోవడం, బిడ్డ ముఖం తిప్పుకోవడం, తల్లి సర్దుకోవడం, మళ్ళీ కలవడం. ఆ తప్పటం, దిద్దుకోవడంలోనే బిడ్డ నేర్చుకుంటుందని ఆయన తేల్చాడు. తల్లి పరీక్షలో నూటికి నూరు మార్కులు అక్కర్లేదన్నమాట.

ఇటీవల అదే పరీక్షను చేతిలో ఫోను పెట్టి చేశారు. తల్లి ఫోనులోకి చూస్తూ ముఖం కదపకుండా ఉంటే, పిల్లలు అచ్చం అలాగే గింజుకున్నారు. నేను మా కోడలికి ఈ మాట చెప్పాను. "మరి మీరు సీరియల్ చూసేటప్పుడో అత్తయ్యా?" అంది. జవాబు లేకపోయింది.

పిల్లలు మన ముఖం చూసి ఇంకా ఏం నేర్చుకుంటారో 1985లో ఒక చక్కటి ప్రయోగం చెప్పింది. ఒక బల్ల, సగం దూరం వెళ్ళాక కింద లోతు ఉన్నట్టు కనపడుతుంది, పైన మాత్రం గట్టి అద్దం ఉంటుంది. పడే ప్రమాదం లేదు. ఏడాది పిల్లల్ని ఒక చివర వదిలి, తల్లిని అవతలి చివర నిలబెట్టారు. పిల్లలు అంచుదాకా పాకివచ్చి ఆగిపోయి, తలెత్తి తల్లి ముఖం చూశారు. తల్లి నవ్వుతూ ఉంటే 19 మందిలో 14 మంది దాటి వచ్చేశారు. తల్లి భయపడ్డట్టు ముఖం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు. నోరు విప్పి ఒక్క మాట అనకుండానే! బల్లిని చూసి మనం కెవ్వుమంటే మన పిల్లలు జీవితాంతం ఎందుకు కెవ్వుమంటారో తెలిసింది కదా. మా డెల్టాలో అడుగడుక్కీ కాలవ, ఇప్పుడైతే చెరువు. గట్టుమీద పాకే పిల్ల వెనక్కి తిరిగి ఎవరి ముఖమో ఒకటి చూసుకోవాలి. ఆ ముఖం అక్కడ ఉండాలి.

మరో చిన్నమాట. అలక అన్నదానికి ఇంగ్లీషులో సరైన మాట నాకు దొరకలేదు. కోపం కాదు, దుఃఖం కాదు. బతిమాలేవాళ్ళు ఉన్నారన్న నమ్మకం ఉంటేనే అలక. ఏడాదిన్నర పిల్ల మూతి ముడుచుకుని మూల కూర్చుంటే "అమ్మాయిగారు అలిగారు" అని మనం పేరు పెడతాం, బతిమాలతాం, అది ఓరకంట చూస్తుంది. అక్కడినుంచి సత్యభామ దాకా ఎంతో దూరం లేదు. కూచిపూడి మనకు ఆమడ దూరంలోదే కదా.

ఇదంతా పరదేశాల సంగతేనా అంటారేమో. మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు నల్గొండ జిల్లాలో 60 పల్లెల్లో 600 మంది తల్లీబిడ్డలతో ఒక పరిశోధన చేసి 2013లో ప్రచురించారు. మూడో నెల నుంచి పదిహేనో నెల దాకా చూశారు. ఇరవై పల్లెల్లో అంగన్‌వాడీ సేవలు ఎప్పటిలాగే. ఇంకో ఇరవై పల్లెల్లో వాటితోపాటు, ఏ నెలలో ఏం పెట్టాలో ఇళ్ళకు వెళ్ళి చెప్పారు. మిగిలిన ఇరవైలో ఏం పెట్టాలో చెప్పడమే గాక, ఎలా పెట్టాలో కూడా చెప్పారు. బిడ్డ ముఖం చూసి, ఆకలి గుర్తులు పట్టి, కబుర్లు చెబుతూ, బలవంతం చేయకుండా, ఆడిస్తూ పెట్టమన్నారు. సలహా అందిన రెండు చోట్లా పిల్లల తిండి మెరుగైంది. మాటా, తెలివీ కొలిచే పరీక్షలో మాత్రం మూడో రకం పల్లెల పిల్లలే ముందున్నారు. 1975 అక్టోబరు 2న మన దేశంలో అంగన్‌వాడీ పథకం మొదలైనప్పుడు కడుపు నింపడం, టీకాలు వేయడం మీదే ఎక్కువ దృష్టి. పుట్టినప్పటినుంచి మూడేళ్ళ దాకా ఆడించడానికి, మాట్లాడించడానికి నవచేతన పేరుతో కేంద్రప్రభుత్వం ఒక ప్రణాళిక విడుదల చేసింది 2024లో. వెన్నెల్లో చంకనేసుకుని చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టిన తల్లులకు ఇది కొత్త కాదు. కాని ఇప్పుడు నాలుగో అంతస్తులో, తలుపు వేసుకుని, పిల్లతో పొద్దస్తమానం ఒక్కతే ఉండే అమ్మాయికి ఆ నాలుగు చంకలూ ఎక్కడినుంచి వస్తాయి? దానికి ప్రణాళిక నాకు ఎక్కడా కనపడలేదు. ఆ అమ్మాయి పక్కవాటాలోనే ఉండి ఉండవచ్చు.

మా పిల్ల మొదటిసారి నవ్వింది అమ్మమ్మను చూసి. నన్ను చూసి కాదు. రోలు కడిగించి, వేయించిన నువ్వులూ బెల్లమూ దంపుతున్న చప్పుడు గదిలోకి వినపడింది. ఆ చప్పుడు వింటూ నేను ఏడ్చాను. అమ్మమ్మ ఒక చేత్తో నువ్వుండా, ఒక చేత్తో పిల్లా పట్టుకుని లోపలికి వచ్చి, నా పక్కన కూర్చుంది. "ఏమే అమ్మాయ్, నా దగ్గర నేర్చుకుంటోంది. నేర్చుకున్నాక నీకు చూపిస్తుందిలే" అని, పిల్లను నా ముఖానికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, ఉండ నా నోట్లో పెట్టింది.

ఇంకో నెల పట్టింది.